కొమ్ముల తేనెటీగ, కొమ్ములు లేని దాని జంట

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

పడమటి ఆస్ట్రేలియాలో కొమ్ములున్న తేనెటీగ ఒకటి బయటపడిందన్న వార్త వచ్చాక ఈ శీర్షికకు చాలా ఉత్తరాలు చేరాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపి, కొన్నింటిని కుదించి, ఈసారి పుటలన్నీ ఆ విషయానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: ముఖం మీద కొమ్ములున్న తేనెటీగను కనుగొన్నారని చదివి మా తరగతిలో చెప్పాను. "కొమ్ములుంటే కొత్త జాతి అయిపోతుందా టీచర్?" అని ఒక అమ్మాయి అడిగింది. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆ కొమ్ములు అసలు ఎలాంటివి?
– ఉపాధ్యాయురాలు, తెనాలి

జవాబు: మీరు చదివిన ఈగ పేరు మెగాకైలీ లూసిఫర్. కర్టిన్ విశ్వవిద్యాలయ పరిశోధకురాలు కిట్ ప్రెండర్‌గాస్ట్ 2019లో పడమటి ఆస్ట్రేలియాలోని గోల్డ్‌ఫీల్డ్స్ ప్రాంతంలో, బ్రెమర్ కొండల దగ్గర, అంతరించే దశకు చేరిన మరియాంథస్ అక్విలోనారిస్ అనే అడవిపూల మొక్క మీద ఏయే కీటకాలు వాలుతున్నాయో పరిశీలిస్తున్నప్పుడు ఇది ఆమె కంటపడింది. మరొక శాస్త్రవేత్తతో కలిసి ఆమె రాసిన వర్ణన 2025 నవంబరులో జర్నల్ ఆఫ్ హైమనోప్టెరా రీసెర్చ్‌లో వెలువడింది. చూడటానికీ ప్రకటించడానికీ మధ్య ఆరేళ్లు గడిచాయన్నది గమనించండి. ఈ రంగంలో అది ఆలస్యం కింద లెక్క కాదు.

కొమ్ముల విషయంలో ముందుగా ఒక పొరపాటును తొలగించాలి. మన పాఠ్యపుస్తకాలలో కీటకాల మీసాల వంటి అవయవాలను స్పర్శశృంగాలు అంటారు. శృంగమంటే కొమ్మే కనుక, కొమ్ముల తేనెటీగ అనగానే పిల్లలు ఆ మీసాలనే ఊహించుకోవచ్చు. స్పర్శశృంగాలకు కీళ్లుంటాయి, అవి అటూ ఇటూ కదులుతాయి, వాసనను పట్టేవి అవే. ఈ కొమ్ములు అవి కావు. కీటకం దేహాన్ని కవచంలా కప్పి ఉంచే గట్టి పెంకు ముఖం మీద రెండు చోట్ల ముందుకు పొడుచుకు వచ్చి ఏర్పడిన మొనలు మాత్రమే. వాటిలో కీలు లేదు, అవి కదలవు. ఒక్కొక్కదాని పొడవు మిల్లీమీటరుకు లోపే ఉంటుంది. అవి ఉన్నదీ ఆడ ఈగకే, మగదానికి లేవు. పత్రికలలో అచ్చయిన పెద్ద బొమ్మలు చూసి ఎడ్ల కొమ్ములను తలచుకున్నవారికి ఇది నిరాశ కలిగించవచ్చు.

ఇక ఆ అమ్మాయి ప్రశ్న. కాదు, కొమ్ములుంటే చాలదు. ఐరోపా తోటలలో మామూలుగా కనిపించే ఆస్మియా బైకార్నిస్ అనే ఒంటరి ఈగలో ఆడదానికి ముఖం మీద రెండు కొమ్ములుంటాయి. జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని నెలకొల్పిన లిన్నేయస్ 1758లోనే దానికి రెండు కొమ్ములది అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఆస్ట్రేలియా ఈగ కొత్తది అనాలంటే, అది ఏ ప్రజాతికి, అంటే దగ్గరి జాతుల ఏ గుంపుకు, చెందుతుందో తేల్చి, ఆ ప్రజాతిలో ఇప్పటికే పేరున్న దగ్గరి బంధువులన్నింటితో పోల్చి, వాటిలో దేనితోనూ కలవదని చూపాలి. కొమ్ములు చూసి ప్రెండర్‌గాస్ట్‌కు అనుమానం పుట్టింది, అంతవరకే. ఆ తరువాత ఆమె చేసిన పనిలో ఎక్కువ భాగం వార్తలకెక్కదు. తరువాతి ఉత్తరానికి జవాబు ఆ పని గురించే.

ప్రశ్న: నేను జంతుశాస్త్రం డిగ్రీ చదువుతున్నాను. కొత్త తేనెటీగను "వర్ణించారు" అంటారు కదా, ఆ వర్ణనలో ఏముంటుంది? కథలో పాత్రను వర్ణించినట్టా?
– విద్యార్థి, హనుమకొండ

జవాబు: పోలిక బాగుంది కానీ పని తీరు దానికి పూర్తిగా విరుద్ధం. కథకుడు గుర్తుండిపోయే రెండు లక్షణాలు చెప్పి ఊరుకుంటాడు. వర్గీకరణ శాస్త్రజ్ఞుడు తల ముందు నుంచి మొదలుపెట్టి తోక చివర దాకా, ఏ ఒక్క పలకనూ విడవకుండా, అందమైనదీ కానిదీ అన్న తేడా లేకుండా రాసుకుంటూ పోతాడు. ఆస్తి తగాదాలో సర్వేయరు పొలం హద్దులు రాసినట్టు ఉంటుంది ఆ రాత. చదవడానికి విసుగు పుట్టిస్తుంది, యాభై ఏళ్ల తరువాత మరొకరు అదే ఈగను చేతిలో పట్టుకున్నప్పుడు ప్రాణం పోస్తుంది.

ముందు ఒక మాట చెప్పాలి. తేనె చేర్చేదీ చేర్చనిదీ అన్నింటినీ కలిపి పిలిచే మాట మనకు లేదు. తేనెటీగ, జుంటీగ, తుమ్మెద అని విడివిడిగా పేర్లున్నాయి. లోకంలో ఇప్పటికి 20 వేలకు పైగా జాతులకు శాస్త్రీయ నామాలుండగా, వాటిలో మనం తినే తేనెను కూడబెట్టేవి బహు కొద్ది. మిగిలినవాటిలో ఎక్కువ భాగం ఒంటరిగా గూడు కట్టుకుని, పిల్లలకు పుప్పొడి ముద్ద పెట్టి వెళ్లిపోయేవే. మెగాకైలీ కూడా అలాంటిదే. మరో మాట లేక ఇక్కడ అన్నింటినీ తేనెటీగలనే అంటున్నాను.

వర్ణన మామూలుగా తలతో మొదలవుతుంది. సూక్ష్మదర్శిని కింద ఈగను ముఖం మనవైపు ఉండేలా నిలిపి, తల పొడవు ఎంత, వెడల్పు ఎంత, రెండు సంయుక్త నేత్రాల లోపలి అంచులు కిందికి వచ్చేకొద్దీ దగ్గరవుతున్నాయా, దూరమవుతున్నాయా, సమాంతరంగా సాగుతున్నాయా అని కొలుస్తారు. నడినెత్తిన ముక్కోణంగా అమరిన మూడు సరళ నేత్రాలు ఒకదానికొకటి ఎంత దూరంలో ఉన్నాయో, అంచునున్నది పెద్ద కంటికి ఎంత దూరంలో ఉందో చూస్తారు. ముఖం కింది భాగంలో, నోటికి సరిగ్గా పైన క్లైపియస్ అనే పలక ఉంటుంది. ఈ పలక ఆకారం చాలా జాతులలో కీలకమైన గుర్తు. లూసిఫర్‌ను కనుగొన్న ప్రెండర్‌గాస్టే 2022లో వర్ణించిన లియోప్రాక్టస్ జెఫిర్ అనే మరొక ఆస్ట్రేలియా ఈగలో ఆ పలక కుక్క మూతిలా ముందుకు ఉబికి ఉంటుంది. తన పెంపుడు కుక్క పేరునే ఆమె దానికి పెట్టింది.

తరువాత హనువులు, అంటే దవడలు. పళ్లెన్ని, వాటి మధ్య సందులలో కత్తి అంచులా పదునైన పొర ఉందా లేదా అన్నది మెగాకైలీలలో తప్పక చూడవలసిన సంగతి. ఆకులు కత్తిరించి గూడు కట్టే జాతులకు ఆ పదునైన అంచు ఉంటుంది. లూసిఫర్ చేరిన హ్యాకెరియాపిస్ అనే ఆస్ట్రేలియా ఉపప్రజాతి ఈగలు గూటి పనికి ఎక్కువగా చెట్ల జిగురును వాడతాయి, వాటికి ఆకు కోసే కత్తెరతో పని లేదు. ఈ విధంగా గూడు కనిపించకపోయినా దవడను చూసి ఆ ఈగ వృత్తిని కొంతవరకు ఊహించవచ్చు.

ఇప్పుడు బయటివారికి అన్నింటికన్నా వింతగా తోచే భాగానికి వస్తున్నాను. తేనెటీగ పెంకు నున్నగా ఉండదు. సూదితో పొడిచినట్టు వేల కొద్దీ చిన్న చిన్న గుంటలుంటాయి, చాలా వెంట్రుకలు వాటి నుంచే మొలుస్తాయి. ఆ గుంటలు ముతకగా ఉన్నాయా సన్నగా ఉన్నాయా, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయా ఎడం ఎడంగా ఉన్నాయా అన్నది పలక పలకకూ రాయాలి. ఎడాన్ని మిల్లీమీటర్లలో చెప్పరు. రెండు గుంటల నడుమ దూరం ఒక గుంట వెడల్పుకు ఎన్ని రెట్లు అని చెబుతారు, ఎందుకంటే ఈగ పెద్దదైనా చిన్నదైనా ఆ నిష్పత్తి పెద్దగా చెదరదు. గుంటల మధ్య ఉన్న నేల నిగనిగలాడుతోందా, మసకగా ఉందా, గీతలు పడి ఉందా అన్నది కూడా చేర్చాలి. కొమ్ముల వంటి ఆడంబరం ఏదీ లేని రెండు దగ్గరి జాతులను విడదీసేది చాలాసార్లు ఈ గుంటల లెక్కే. ఒక్క నమూనా మీద పూటంతా గడిచిపోతుంది, మెడ పట్టేస్తుంది.

తల తరువాత భాగాన్ని ఉరమని, ఆ తరువాతి దాన్ని ఉదరమని మనం చదువుకున్నాము. తేనెటీగల విషయంలో అది కొంచెం తప్పు. వీటిలో ఉదరపు మొదటి ఖండం ముందుకు జరిగి ఉరంతో కలిసిపోయింది. సన్నని నడుము ఉన్నది ఉరానికీ ఉదరానికీ మధ్య కాదు, ఉదరపు ఒకటో ఖండానికీ రెండో ఖండానికీ మధ్య. అందుకే నిపుణులు ఉరం, ఉదరం అన్న మాటలు మాని మీసోసోమా, మెటాసోమా అంటారు. పరీక్షలో ఇలా రాస్తే మార్కులు పడతాయో లేదో నేను హామీ ఇవ్వలేను.

ముందు రెక్కలు రెండింటి మొదట్లోనూ పెంకు బిళ్ల వంటిది ఒక్కొక్కటి ఉంటుంది. ఆ బిళ్లల నడుమ దూరం కొలిస్తే ఈగ బరువును, అది గూటి నుంచి ఎంత దూరం ఎగరగలదన్నదాన్ని చాలావరకు అంచనా వేయవచ్చు, ఎందుకంటే ఎగిరే కండరాలన్నీ ఆ రెండు బిళ్లల మధ్యనే ఇమిడి ఉంటాయి. రెక్కలలోని ఈనెలు, ఆ ఈనెల మధ్య ఏర్పడిన గదులు కుటుంబాన్ని తేల్చడానికి పనికొస్తాయి. మనం పెట్టెలలో పెంచే తేనెటీగ ముందు రెక్కలో ఉపాంత గదులు, అంటే రెక్క ముందు అంచుకు దగ్గరగా వరుసగా ఉండే గదులు, మూడుంటే, మెగాకైలీ కుటుంబంలో రెండే ఉంటాయి, ఆ రెండూ దాదాపు సమానంగా ఉంటాయి.

పుప్పొడి మోసే సామగ్రి సంగతి చెప్పి ముగిస్తాను. పెట్టె తేనెటీగ పుప్పొడిని మకరందంతో తడిపి, వెనుక కాళ్ల మీదున్న నున్నని గుంటలలో ముద్దగా అద్దుతుంది. ఆడ మెగాకైలీ కాళ్లకు అటువంటి గుంటలు లేవు. దాని పొట్ట కింద దట్టమైన వెంట్రుకల కుచ్చు ఉంటుంది, పొడి పుప్పొడిని అందులోనే అంటించుకుని పోతుంది. ఆ వెంట్రుకలు ఏ ఖండం మీద ఏ రంగులో ఉన్నాయో వర్ణనలో విడివిడిగా రాస్తారు. రంగు త్వరగా వెలిసిపోయే లక్షణం కాబట్టి, ముసలి ఈగను చూసి రాసిన రంగును నమ్మి మోసపోయినవారు ఈ శాస్త్రంలో తక్కువేమీ కాదు.

ప్రశ్న: ఆ కొమ్ములతో ఈగ ఏం చేస్తుంది? మన పొట్టేళ్ల లాగా కొట్లాడుకోవడానికేనా? అలా అయితే మగవాటికి ఉండాలి కదా, ఆడవాటికి ఉండటమేమిటి?
– పాఠకుడు, అనంతపురం

జవాబు: పొట్టేళ్లు, జింకలు, కొమ్ముల పెంకుపురుగులలో ఆడవాటి కోసం మగవి తలపడతాయి గనుక కొమ్ములు మగవాటికి పెరిగాయి. ఇక్కడ తిరగబడి ఉందంటే కొమ్ముల పని వేరని అర్థం. ఒంటరి తేనెటీగలలో గూడు వెదికేది, కట్టేది, పుప్పొడి తెచ్చేది, గూటిని కాపాడేది అంతా ఆడదే. మగది ఆ బరువులో పాలు పంచుకోదు. కాబట్టి పనిముట్టు ఉన్నది పని చేసేవారి దగ్గరే అనుకోవాలి. పూల లోపలికి చొరబడటానికో, పూల కోసమో జిగురు వంటి గూటి సామగ్రి కోసమో ఇతర ఈగలతో పోటీ పడటానికో, గూటి ద్వారాన్ని కాపాడటానికో ఉపయోగపడవచ్చని పరిశోధకులు ఊహించారు. ఇవి ఊహలేనని వారే అన్నారు.

అలా అనడాన్ని నేను మెచ్చుకుంటాను. ఆకారాన్ని చూసి వాడకాన్ని చెప్పేయాలన్న తొందర అందరికీ ఉంటుంది. ఇదే ప్రజాతిలో మరొక ప్రసిద్ధమైన ఈగ ఉంది, మెగాకైలీ ప్లూటో. దాన్ని ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ 1858లో ఇండొనేషియాలోని బచన్ దీవిలో పట్టాడు. ఆడ ఈగ పొడవు 38 మిల్లీమీటర్లు, అంటే దాదాపు నాలుగు సెంటీమీటర్లు. దాని హనువులు తలకు మించి పెరిగి భయంకరంగా ఉంటాయి. వర్ణన అచ్చయి వందేళ్లు దాటినా ఆ దవడలు దేనికో ఎవరూ కళ్లతో చూడలేదు. 1981లో ఆడమ్ మెసర్ అనే కీటకశాస్త్రజ్ఞుడు ఆ దీవులలో దాన్ని మళ్లీ కనుగొని, చెదపుట్టలో గూడు కట్టుకునే ఆ ఈగ చెట్ల బెరడు నుంచి జిగురును గీకి ఉండలు చేసి మోయడానికి ఆ దవడలను వాడుతున్నదని గమనించిన తరువాతనే సంగతి తేలింది. ఆ జాతిలోనూ మగదానికి పెద్ద దవడలు లేవు.

లూసిఫర్ కొమ్ముల కథ కూడా ఎవరో ఒకరు దాని గూటి ముందు రోజుల తరబడి కూర్చుంటే తప్ప తేలదు.

ప్రశ్న: ఆడదానికి కొమ్ములున్నాయి, మగదానికి లేవు అంటున్నారు. మరి ఈ రెండూ ఒకే జాతి అని ఎలా తెలిసింది? పక్కపక్కన కనిపిస్తే చాలా?
– గృహిణి, కాకినాడ

జవాబు: చాలదు. ఈ ప్రశ్న దగ్గర లిన్నేయస్ అంతటివాడే తడబడ్డాడు. పైన చెప్పిన ఐరోపా కొమ్ముల ఈగలో ఆడదాన్ని బైకార్నిస్ అన్న పేరుతో, కొమ్ములు లేని మగదాన్ని రూఫా అన్న పేరుతో, ఒకే గ్రంథంలో రెండు వేర్వేరు జాతులుగా నమోదు చేశాడు. భార్యాభర్తలకు రెండు రేషన్ కార్డులు ఇచ్చినట్టు అయింది. చాలాకాలం రూఫా అన్న పేరే వాడుకలో ఉండి, ఇప్పుడు బైకార్నిస్ నిలిచింది.

తేనెటీగలలో ఆడ, మగ తేడాలు కొమ్ముల దగ్గర ఆగవు. దాదాపు అన్ని జాతులలోనూ ఆడ ఈగ స్పర్శశృంగంలో 12 భాగాలుంటే మగదానిలో 13 ఉంటాయి. పై నుంచి చూస్తే ఆడదాని ఉదరంలో 6 పలకలు, మగదానిలో 7 కనిపిస్తాయి. గుడ్లు పెట్టే అవయవమే కుట్టే ముల్లుగా మారింది కనుక మగదానికి ముల్లే ఉండదు. పుప్పొడి మోయవలసిన అవసరం లేదు కనుక పొట్ట కింద కుచ్చూ ఉండదు. ఇలా ప్రతి చోటా వేరుగా ఉన్న రెండింటిని ఒకే ఇంటివని తేల్చడానికి పాతకాలంలో రెండే దారులు. జతకట్టినప్పుడు పట్టుకోవాలి, లేదా ఒకే గూటి నుంచి రెండూ బయటికి రావడం చూడాలి.

ఇప్పుడు మూడో దారి ఉంది. కణంలోని మైటోకాండ్రియాలో ఉండే ఒక జన్యువు నుంచి సుమారు 650 అక్షరాల ముక్కను చదివి పోల్చే పద్ధతిని 2003లో కెనడా శాస్త్రజ్ఞుడు పాల్ హెబర్ట్ బృందం ప్రతిపాదించింది. దుకాణంలో సరుకు మీది గీతల గుర్తుతో పోల్చి దాన్ని డీఎన్‌ఏ బార్‌కోడింగ్ అంటున్నారు. లూసిఫర్ విషయంలో ఆడ ఈగ, మగ ఈగ ఒకే జాతివని ఈ పరీక్షే ధ్రువపరచింది. డేటాబేసులలో ఉన్న జాతులలో దేనితోనూ అది సరిపోలలేదని కూడా దీనితోనే తెలిసింది. సంగ్రహాలయాలలో ఉన్న నమూనాలతో పోల్చి చూసినప్పుడూ సరితూగేది దొరకలేదు. ఈ రెండో పని లేకపోతే మొదటిది సగమే. డేటాబేసులో లేనంత మాత్రాన అది కొత్తది కాదు, ఎప్పుడో వర్ణించి ఎవరూ బార్‌కోడు తీయని పాతది కావచ్చు.

కొమ్ములు లేని మగ ఈగను పట్టించుకోని వర్ణన చదివినప్పుడల్లా నాకు అది సగం రాసిన ఉత్తరంలా అనిపిస్తుంది.

ప్రశ్న: మా దగ్గర పెట్టెలలో దేశవాళీ తేనెటీగలను పెంచుతున్నాము. కొన్ని కుటుంబాలు నల్లగా, కొన్ని పసుపుగా ఉంటాయి. పడమటి కనుమలలో నల్ల తేనెటీగను కొత్త జాతిగా ప్రకటించారని విన్నాను. మావి కూడా అదేనా?
– తేనెటీగల పెంపకందారు, అరకు లోయ

జవాబు: మీరు విన్నది ఏపిస్ కరింజోడియన్ గురించి. కేరళ పరిశోధకులు 2022లో ఎంటమాన్ అనే పత్రికలో దాన్ని ప్రకటించారు. 1798లో ఫాబ్రీషియస్ ఏపిస్ ఇండికాను వర్ణించిన తరువాత రెండు శతాబ్దాలకు పైగా గడిచాక భారతదేశం నుంచి ఏపిస్ ప్రజాతిలో, అంటే తేనె కూడబెట్టే పెట్టె ఈగల గుంపులో, మరొకదాన్ని కొత్త జాతిగా చెప్పడం అదే కావడంతో అప్పుడు పెద్ద వార్త అయింది.

లూసిఫర్‌కూ దీనికీ ఉన్న తేడాను గమనించండి. ఇక్కడ కొమ్ములు లేవు, జెఫిర్ లాంటి కుక్క మూతి లేదు, చూడగానే ఆహా అనిపించేది ఏదీ లేదు. వాదమంతా ముందు రెక్క ఈనెల కొలతల నుంచి తీసిన రేడియో మీడియల్ సూచిక అన్న నిష్పత్తి మీద ప్రధానంగా నిలిచింది. రెక్క ఈనెలలతో తేనెటీగల వర్గాలను విడదీయడం కొత్త కాదు. క్యూబిటల్ సూచిక అనే మరొక నిష్పత్తిని తేనెటీగ జాతి భేదాలు తేల్చడానికి చాలాకాలంగా వాడుతున్నారు. చిన్న నిష్పత్తుల మీద నిలిచే జాతిపై అభిప్రాయభేదాలూ ఎక్కువే. మన దేశవాళీ తేనెటీగనంతా ఏపిస్ సెరానా అన్న ఒకే జాతిగా చూడాలని, కొండ రకం, మైదానపు రకం అన్నవి అందులోని భేదాలేనని భావించేవారు ఇప్పటికీ ఉన్నారు.

మీ పెట్టెల విషయానికి వస్తే, నలుపు ఒక్కటే చూసి పేరు మార్చకండి. కొండలలో, చలి ప్రదేశాలలో దేశవాళీ తేనెటీగ మైదానంలో కన్నా ముదురు రంగులో, కాస్త పెద్దదిగా ఉండటం పెంపకందారులకు మొదటి నుంచి తెలిసినదే. కరింజోడియన్ పరిధిగా పరిశోధకులు చెప్పినది పడమటి కనుమల ప్రాంతం, మీది తూర్పు కనుమలు. రంగు తేడా నిజంగా కుటుంబాల వారీగా స్థిరంగా ఉంటే, ఒక్కొక్క కుటుంబం నుంచి వాటంతట అవే చనిపోయిన పది పదిహేను పనికత్తె ఈగలను విడివిడి సీసాలలో వేసి, పెట్టె సంఖ్య, తేదీ, ఊరు రాసి దగ్గరలోని వ్యవసాయ కళాశాల కీటకశాస్త్ర విభాగానికి చూపించండి. చీటీ లేని సీసా ఎవరికీ పనికిరాదు.

ప్రశ్న: కొత్త జాతి అంటారు, దాన్ని చంపి సూది గుచ్చి డబ్బాలో పెడతారు. ఇది అన్యాయం కాదా? ఫొటో తీసి వదిలేయలేరా?
– విశ్రాంత ఉద్యోగి, విజయవాడ

జవాబు: మీ బాధ అర్థమైంది. అయినా ఈ విషయంలో నేను శాస్త్రజ్ఞుల వైపే నిలబడతాను. ఒక పేరు ఏ జీవికి చెందుతుందో తగాదా వస్తే తేల్చేది వర్ణన కాదు, ఆ పేరుకు ఆధారంగా నిలిపిన ఒకే ఒక్క నమూనా. దాన్ని హోలోటైప్ అంటారు. 2000 నుంచి కొత్త జాతి పేరు చెల్లాలంటే ఆ నమూనాను స్పష్టంగా పేర్కొని, దాన్ని ఏ సంగ్రహాలయంలో ఉంచుతారో చెప్పాలని అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి కోరుతున్నది. మన దేశంలో 2002 నాటి జీవవైవిధ్య చట్టం కూడా కొత్త జాతి నమూనాలను ప్రభుత్వం నిర్దేశించిన భాండాగారంలో జమ చేయాలని చెబుతుంది. కోల్‌కతా కేంద్రంగా ఉన్న జువాలజికల్ సర్వే ఆఫ్ ఇండియా అటువంటి వాటిలో ఒకటి.

ఫొటోలో గుంటల నడుమ దూరం కనిపించదు, దవడ లోపలి అంచు కనిపించదు, మగ ఈగ ఉదరంలో దాగి ఉండే పలకలు అసలే కనిపించవు. రేపు మరొకరికి మరొక ప్రశ్న పుడితే ఫొటోను తిప్పి చూడలేము. లియోప్రాక్టస్ జెఫిర్ నమూనాలు మొదటిసారి 1979లో సేకరించారు, పేరు వచ్చినది 2022లో. నలభై ఏళ్లకు పైగా సూదికి గుచ్చి భద్రంగా ఉండబట్టే ఆ పాతవాటిని కొత్తగా పట్టినవాటితో పోల్చగలిగారు. పేరు లేని జీవిని కాపాడమని ఏ ప్రభుత్వాన్నీ అడగలేమన్నది కూడా ఉంది. లూసిఫర్ వాలే పూల మొక్క చాలా కొద్ది చోట్లనే మిగిలింది, ఆ ప్రాంతంలో గనుల తవ్వకాలున్నాయి. అనుమతులు ఇచ్చే ముందు స్థానిక తేనెటీగలను కూడా లెక్కించాలని ఆ పరిశోధకురాలు కోరుతున్నది. పేరు పెట్టాకనే ఆ మాటకు బలం వచ్చింది.

ప్రశ్న: లూసిఫర్ అంటే సైతాను కదా. పాపం ఈగకు ఆ పేరేమిటి?
– పాఠకురాలు, గుంటూరు

జవాబు: లాటిన్‌లో ఆ మాటకు వెలుగు తెచ్చేది అని అర్థం. వేకువ చుక్కకు పాత పేరు. కొమ్ములు చూసి సైతాను గుర్తుకు రావడమూ నిజమే. వర్ణన రాస్తున్న రోజులలో తాను చూస్తున్న టీవీ ధారావాహిక పేరు కూడా అదేనని ప్రెండర్‌గాస్ట్ చెప్పింది. పేరు ఎందుకు పెట్టారన్నది నియమావళికి పట్టదు.

ప్రశ్న: మా ఇంటి గులాబీ ఆకుల అంచున ఎవరో కత్తెరతో గుండ్రంగా కోసినట్టు ముక్కలు పోతున్నాయి. అది మీరు చెప్పిన మెగాకైలీ బంధువేనా? మన దగ్గర కూడా కొత్తవి ఉండవచ్చా?
– పాఠకుడు, కరీంనగర్

జవాబు: తప్పకుండా బంధువే. గొంగళి తిన్న ఆకు అంచు గజిబిజిగా ఉంటుంది, ఈ ఈగ కోసిన అంచు పైసా బిళ్ల పెట్టి గీసినట్టు ఉంటుంది. మందు కొట్టకండి. అది ఆకు తినదు, పిల్లల గదికి గోడలు చేసుకుంటుంది. పైగా మెగాకైలీ జాతులు కంది పూల మీద చాలా చురుకుగా తిరిగి పరపరాగ సంపర్కం జరుపుతాయి. మీ చుట్టుపక్కల కంది చేను ఉంటే పూత కాలంలో వెళ్లి చూడండి, పొట్ట కింద పసుపు పూసినట్టు పుప్పొడితో ఎగిరే ఈగలు కనిపిస్తాయి.

కొత్తవి ఉండవచ్చా అంటే, ఒంటరి ఈగలను వెదికినవారు మన వైపు తక్కువ కాబట్టి ఉండవచ్చనే అంటాను. చూడటానికి పది రెట్లు పెద్దది చేసే చేతి భూతద్దం చాలు, రెండు చిన్న వెదురు గొట్టాలు కిటికీకి కట్టి ఉంచితే అందులో గూడు కట్టుకునే అవకాశమూ ఉంది. ఫొటో తీస్తే అందరిలాగా వీపు మీద నుంచి కాకుండా, ముందు ముఖాన్ని ఎదురుగా, ఆ తరువాత పొట్ట కింది భాగాన్ని, ఆ తరువాత రెక్కను తీయండి. పొట్ట కింద కుచ్చు లేని ఈగ కనిపిస్తే పనికిరానిదని వదిలేయకుండా స్పర్శశృంగం భాగాలను లెక్కపెట్టండి. 13 వస్తే అది మగది, దాని ముఖాన్ని కూడా అంతే శ్రద్ధగా తీసి పెట్టండి.